పంట్లో వెండి సిమెంటుకు చిలుము పడితే

ఇప్పుడు నలభై, యాభై దాటినవాళ్లలో చాలామందికి దవడ పళ్లలో ఎక్కడో ఒక నల్లటి మచ్చ ఉంటుంది. చిన్నప్పుడో, కాలేజీ రోజుల్లోనో పిప్పి పన్నుకు పెట్టించుకున్న వెండి సిమెంటు అది. పెట్టించుకున్న కొత్తలో తళతళలాడేది. కొన్నేళ్లకు బూడిద రంగుకు తిరిగింది, ఆ తర్వాత నల్లబడింది. అద్దం ముందు నోరు తెరిచిన ప్రతిసారీ లోపల పన్ను కుళ్లిపోతోందేమోనని ఒకటే టెన్షన్. ఎప్పుడో ఒకసారి పళ్లు క్లీన్ చేయించుకుందామని వెళితే, "ఇది బాగా పాతబడిపోయిందండీ, నల్లగా ఉంది, తీసేసి పంటి రంగుది పెట్టేద్దాం" అనే మాట వినబడుతుంది. ఆ మాట కొన్నిసార్లు నిజమే. కొన్నిసార్లు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు నడిచే ఫిల్లింగును, దాంతోపాటు కాస్త మంచి పన్నునూ చెక్కి పారేయడమే అవుతుంది. ఏది ఎప్పుడు నిజమో తెలియాలంటే ఆ లోహం ఇన్నాళ్లూ నోట్లో ఏం చేస్తోందో తెలియాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఫిల్లింగ్ క్షయిస్తుంది, అంటే ఇనుముకు తుప్పు పట్టినట్టు దాని లోహం కొద్దికొద్దిగా కరుగుతుంది, అందులో సందేహం లేదు. అయితే పంటికీ లోహానికీ మధ్య ఉన్న సందును పూడ్చి, ఫిల్లింగును ఇన్నేళ్లు కాపాడిందీ ఆ క్షయం వల్ల పుట్టిన చిలుమే. అంచులను కొరికి తినేసేది కూడా అదే. కాబట్టి క్షయించిందా లేదా అని అడగడం వృథా. ఎక్కడ క్షయించింది, ఎంత లోతుకు పోయింది అని అడగాలి. పైన కనబడే నలుపు ఆ రెండింటిలో దేని గురించీ ఏమీ చెప్పదు.

ముద్దలో ఏముంటుంది

దంతవైద్యులు దీన్ని అమాల్గం అంటారు. వెండి, తగరం, రాగి కలిపి కరిగించి, పొడి చేసి, ఆ పొడిని పాదరసంతో కలుపుతారు. బరువులో దాదాపు సగం పాదరసమే. ఇప్పుడు పొడి, పాదరసం రెండూ ఒకే క్యాప్సూల్‌లో కొలతగా వస్తున్నాయి. మిషన్‌లో పెట్టి కొన్ని సెకన్లు ఊపితే ముద్ద తయారు. పాత రోజుల్లో చిన్న గాజు కల్వంలో నూరేవాళ్లు. నూరిన ముద్దను గుడ్డముక్కలో పెట్టి మెలితిప్పి పిండితే, ఎక్కువైన పాదరసం గుడ్డ రంధ్రాల్లోంచి మెరిసే చుక్కలుగా బయటికి వచ్చేది. పిండగా మిగిలినది వేళ్ల మధ్య కిర్రుమంటూ నలిగేది. ఎంత నూరారు, ఎంత పిండారు, పంట్లోకి ఎంత గట్టిగా కూరారు అనే ఈ మూడింటిని బట్టే ఆ ఫిల్లింగ్ ఆయుష్షు చాలావరకు తేలిపోయేది. పాదరసం ఎక్కువ మిగిలితే బలం తగ్గుతుంది, సరిగా కూరకపోతే లోపల గాలి బొక్కలు మిగులుతాయి. క్షయం మొదలయ్యేది ఆ బొక్కల దగ్గరే.

ముద్ద కొద్ది నిమిషాల్లోనే చెక్కడానికి వీలుగా గట్టిపడుతుంది. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. ఆ గట్టిపడటం అంటే ఏమిటో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పాదరసం పొడి రేణువులను పూర్తిగా కరిగించదు. వాటి పైపొరను మాత్రమే కరిగిస్తుంది. కరిగిన వెండి పాదరసంతో కలిసి ఒక సమ్మేళనంగా, కరిగిన తగరం పాదరసంతో కలిసి ఇంకో సమ్మేళనంగా గడ్డకడతాయి. కరగకుండా మిగిలిన రేణువులను ఈ రెండూ చుట్టుముట్టి పట్టుకుంటాయి. శాస్త్రవేత్తలు వీటికి గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టారు. కరగని వెండి-తగరం రేణువు గామా. వెండి, పాదరసం కలిసినది గామా-1. తగరం, పాదరసం కలిసినది గామా-2. మూడింటిలో గామా గట్టిది. గామా-1 పరవాలేదు. గామా-2 మెత్తనిది, బలహీనమైనది, అన్నిటికన్నా తొందరగా క్షయించేది. పాత రకం ఫిల్లింగుల్లో ఇది ఘనపరిమాణంలో సుమారు పదో వంతు ఉండేది. పదో వంతేగా అనిపించవచ్చు. కానీ అది విడివిడి ముక్కలుగా ఉండదు, ఒకదానికొకటి అంటుకుని వేళ్లలా లోపలికంటా పాకి ఉంటుంది. ఒక చివర చిలుము పడితే, అది ఆ దారి పట్టుకుని ఫిల్లింగ్ లోతుల్లోకి పోగలదు.

నోరు అనే బ్యాటరీ

లోహం క్షయించాలంటే రెండు రకాల లోహ భాగాలు, వాటి మధ్య విద్యుత్తు పారడానికి ఉప్పగా ఉండే ద్రవం కావాలి. లాలాజలంలో క్లోరైడ్ ఎప్పుడూ ఉంటుంది. ఫిల్లింగులో మూడు రకాల సమ్మేళనాలు పక్కపక్కనే ఉన్నాయి. అంటే ఒక్క ఫిల్లింగులోనే కంటికి కనబడని చిన్న చిన్న బ్యాటరీలు లెక్కలేనన్ని ఉన్నట్టే. ఎలక్ట్రాన్లను ముందు వదిలేసేది గామా-2లోని తగరం. తగరం అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా మారి లాలాజలంలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రాన్లను ఫిల్లింగ్ పైభాగాన ఉన్న ఆక్సిజన్ అందుకుంటుంది. దిగిన తగరం ఊరికే పోదు, ఆక్సిజన్‌తో కలిసి తగరం ఆక్సైడుగా, క్లోరైడుతో కలిసి ఆక్సీక్లోరైడుగా తిరిగి గడ్డకడుతుంది. వెండి సిమెంటుకు పట్టే చిలుము ప్రధానంగా ఇదే.

ఫిల్లింగ్ పైభాగం కన్నా అంచుల దగ్గర ఇది ఎక్కువగా జరగడానికి కారణం ఉంది. ముద్దను ఎంత బాగా కూరినా అది పంటికి అతుక్కోదు. గుంతను లోపల వెడల్పుగా, నోటి దగ్గర కాస్త ఇరుకుగా చెక్కి, ఊడిరాకుండా చేస్తారంతే. పంటికీ లోహానికీ మధ్య పది, పదిహేను మైక్రాన్ల సందు మిగిలిపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనకది లేనట్టే లెక్క. ఒక మైక్రాను ఉండే బాక్టీరియాకు మాత్రం రాచబాట.

ఆ సందులో లాలాజలం నిలుస్తుంది. లోపలున్న ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది, బయటి నుంచి కొత్తది చేరదు. దాంతో పని పంచుకున్నట్టు అవుతుంది: ఆక్సిజన్ దొరికే బయటి ముఖం ఎలక్ట్రాన్లు అందుకునే వైపు, ఆక్సిజన్ లేని సందు లోపలి గోడ కరిగే వైపు. లోపల లోహపు అయాన్లు పోగయ్యేకొద్దీ వాటి ఆవేశాన్ని సరితూచడానికి బయటి నుంచి క్లోరైడ్ వచ్చి చేరుతుంది. అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లం పుట్టిస్తాయి. ఆమ్లం పెరిగితే క్షయం ఇంకా పెరుగుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓడలకు, బోల్టులకు చెప్పే సందు క్షయం పాఠమే ఇది. ఇక్కడ మన దవడ పంట్లో జరుగుతోంది. పైగా పంటి లోపలి పొర అయిన డెంటిన్‌లోంచి కూడా సన్నగా ద్రవం ఊరుతూ ఉంటుంది. అంటే ఫిల్లింగ్ పైన ఒక ద్రవం, కింద ఇంకో ద్రవం. ఈ తేడా కూడా కొంత విద్యుత్తును నడిపిస్తుంది.

ఇంతవరకు చదివితే భయం వేస్తుంది. కానీ సందులో పుట్టిన తగరం ఆక్సైడు, ఆక్సీక్లోరైడు అక్కడే పేరుకుంటాయి. నెమ్మదిగా సందు పూడుకుపోతుంది. లాలాజలం, బాక్టీరియా లోపలికి పోయే దారి ఇరుకవుతుంది. పాత రకం ఫిల్లింగులకు ఇది కొన్ని నెలల్లో జరిగేది. అందుకే కొత్తగా పెట్టిన ఫిల్లింగ్ మొదటి వారాల్లో చల్లటి నీళ్లకు జివ్వుమని, తర్వాత దానంతటదే సర్దుకునేది. ఈ మధ్యకాలాన్ని గట్టెక్కించడానికే డాక్టర్లు ముద్ద పెట్టేముందు గుంత గోడలకు ఒక వార్నిష్ పూత పూసేవాళ్లు. చిలుము వచ్చి సందు మూసేదాకా ఆ పూత కాపలా. కొన్నాళ్లకు పూత కరిగిపోయేది, దాని చోటును చిలుము ఆక్రమించేది. పాతబడేకొద్దీ తన సందును తానే మూసుకునే ఫిల్లింగ్ పదార్థం దంతవైద్యంలో ఇంకొకటి లేదు. వంకరగా చెక్కినా, రద్దీ ఓపీలో హడావుడిగా పెట్టినా, ఈ ఫిల్లింగులు పదేళ్లు, పదిహేనేళ్లు, కొన్నిసార్లు అంతకు రెట్టింపు నిలబడటానికి ఇదొక పెద్ద కారణం.

అంచు ఎలా విరుగుతుంది

అదే చిలుము ఇంకోవైపు చేసే నష్టాన్ని ఇప్పుడు చూద్దాం. గామా-2లో తగరం వెళ్లిపోతే పాదరసం ఒంటరిగా మిగులుతుంది. దానికి దగ్గరలో కరగకుండా మిగిలిన గామా రేణువులు ఉన్నాయి. పాదరసం వాటితో మళ్లీ చర్య జరుపుతుంది. కొత్త సమ్మేళనాలు పుడతాయి, ఆ చోట లోహం ఉబ్బుతుంది. సందు పక్కన ఉన్న పల్చటి అంచు ఉబ్బి, పంటి గోడను వదిలి పైకి లేస్తుంది. కింద ఆధారం లేని ఆ పెదవి మీద రోజూ నమలడం వల్ల ఒత్తిడి పడుతుంది. ఒకరోజు విరుగుతుంది. డెన్మార్క్‌కు చెందిన పరిశోధకుడు యోర్గెన్‌సెన్ 1965లో ఈ వివరణ ఇచ్చాడు. విరిగిన చోట చిన్న కాలువలాంటి గాడి మిగులుతుంది. డాక్టరు సన్నటి పరికరం మొనతో పంటి మీంచి ఫిల్లింగ్ వైపు గీసినప్పుడు "టక్" మని తగిలేది ఆ గాడే.

ఈ వివరణ ఒక్కటే సరిపోదని తర్వాతి పరిశోధకులు అన్నారు, నాకూ వాళ్ల మాట సబబనిపిస్తుంది. అంచు విరగడానికి సాగుడు కూడా కారణం. గామా-1 కరిగే ఉష్ణోగ్రత సుమారు 127 డిగ్రీలు. ఉక్కుకో, ఇత్తడికో 37 డిగ్రీలంటే చల్లటి వాతావరణమే. తన కరిగే స్థాయికి దగ్గరలో బతుకుతున్న అమాల్గానికి మాత్రం నోటి వేడి తక్కువేం కాదు. అందుకే రోజూ పడే నమిలే ఒత్తిడికి అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది, అంచు దాటి పంటి మీదికి పొర్లుతుంది. ఆ పొర్లిన పల్చటి భాగం విరుగుతుంది. గామా-2 ఎక్కువున్న ఫిల్లింగులు క్షయించడంలోనూ ముందే, సాగడంలోనూ ముందే. కాబట్టి ఏది ఎంత నష్టం చేసిందో విడదీయడం కష్టం. దోషి మాత్రం రెండుసార్లూ ఒకటే.

ఫిల్లింగ్ ఉబ్బి పన్ను చీలిపోయిందని కొందరు చెబుతుంటారు. పాత పెద్ద ఫిల్లింగులున్న పళ్లు చీలడం నిజమే. అయితే పంటి గోడలు పల్చబడేంత పెద్ద గుంత చెక్కాల్సి రావడమే అక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది. నేరమంతా చిలుము మీద వేయలేం.

ఇంకో రకం ఉబ్బు ఉంది, అది ఏళ్లకు కాదు, రోజుల్లోనే వస్తుంది. కొన్ని మిశ్రమాల్లో కాస్త జింకు కలుపుతారు. ముద్ద కూరేటప్పుడు దానికి ఉమ్మి తగిలితే జింకు నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. గట్టిపడిన లోహంలో ఆ వాయువుకు పోయే దారి ఉండదు. మూడు నుంచి అయిదు రోజుల తర్వాత ఫిల్లింగ్ ఉబ్బడం మొదలై, పన్ను సలుపుతుంది. బుగ్గలో దూది ఉండలు కుక్కి, "నోరు మూయకండి" అని డాక్టరు పదే పదే హెచ్చరించడం వెనక ఈ సంగతి కూడా ఉంది.

రాగి తెచ్చిన మార్పు

ఈ ముద్దకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1826లో పారిస్‌లో ఆగస్త్ తావో వెండి నాణేలను అరగదీసి పాదరసంతో కలిపాడు. 1830ల్లో అది అమెరికా చేరింది, పాదరసం విషం కదా అని అక్కడి దంతవైద్యుల మధ్య పెద్ద గొడవే జరిగింది. దీన్ని వాడబోమని సభ్యుల చేత ప్రమాణం చేయించిన సంఘం చివరికి 1856లో మూతపడింది. 1890ల్లో అమెరికా దంతవైద్యుడు జి.వి. బ్లాక్ ఏయే లోహం ఎంత కలిపితే ముద్ద ఉబ్బకుండా, ముడుచుకోకుండా ఉంటుందో కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు. వెండి సుమారు మూడింట రెండు వంతులు, తగరం నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, మిగతావి కొద్దిగా. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు ప్రపంచమంతా దాదాపు అదే దారిలో నడిచింది. రాగి ఆరు శాతం దాటకూడదని ప్రమాణాల్లో కూడా రాసుకున్నారు.

1963లో కెనడాలో ఇన్నెస్, యూడెలిస్ అనే ఇద్దరు పరిశోధకులు వెండి-రాగి కలిసిన సన్నటి గుండ్రటి రేణువులను పాత పొడిలో కలిపి చూశారు. వాళ్ల ఉద్దేశం ముద్దను బలపరచడం. బలం పెరిగింది. అంతకన్నా పెద్ద ఫలితం తర్వాత అర్థమైంది. తగరానికి పాదరసం కన్నా రాగి అంటే ఇష్టం ఎక్కువ. రాగి తగినంత ఉంటే తగరం పాదరసం జోలికి పోకుండా రాగితో జతకడుతుంది. గామా-2 పుట్టదు, పుట్టినా కొన్నాళ్లకు కనుమరుగవుతుంది. బలహీనమైన ఆ పదో వంతు పోవడంతో అంచులు విరగడం బాగా తగ్గింది. 1970ల తర్వాత రాగి ఎక్కువున్న రకాలే ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి.

ఇవి క్షయించవా అంటే, క్షయిస్తాయి. ఈసారి ముందు కరిగేది రాగి-తగరం సమ్మేళనం. దాంతో తగరం చిలుముతో పాటు రాగి చిలుమూ పుడుతుంది. కానీ అక్కడ పాదరసం విడుదల కాదు, కాబట్టి మళ్లీ ఉబ్బే గొలుసు మొదలుకాదు. క్షయం నెమ్మదిగా సాగుతుంది. దానికి తగ్గట్టే సందు పూడుకోవడం కూడా ఆలస్యం అవుతుంది, పాతవాటికి కొన్ని నెలలు పడితే వీటికి ఏడాది దాకా పట్టొచ్చు. తక్కువ క్షయించే లోహం కావాలి, సందు మాత్రం తొందరగా పూడాలి అంటే రెండూ ఒకేసారి కుదరవు. ఈ పదార్థంలో నన్ను బాగా ఆకట్టుకునేది ఈ లావాదేవీయే.

నలుపు, జివ్వుమనడం, చిగురు మీద మచ్చ

ఇక నలుపు సంగతి. ఫిల్లింగ్ పైభాగం నల్లబడటానికి ప్రధాన కారణం గంధకం. ఆహారంలోంచీ, నోట్లోని బాక్టీరియా వల్లా వచ్చే గంధకపు సమ్మేళనాలు వెండి మీద సల్ఫైడు పొర కడతాయి. పూజ గదిలో వెండి కుందులు నల్లబడేదీ ఈ చర్యతోనే. పొర పల్చగా పైపైనే ఉంటుంది. పాలిష్ చేస్తే చాలావరకు పోతుంది, లోపలి లోహం ఎలా ఉందో దీన్నిబట్టి చెప్పలేం. బాగా మెరుస్తున్న ఫిల్లింగుకు అంచు గాడిపడి ఉండొచ్చు, బొగ్గులా నల్లబడ్డదానికి అంచు చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

పన్ను మొత్తం నీలం-బూడిద రంగులో కనబడటం వేరే విషయం. క్షయంలో దిగిన తగరం వంటి లోహాల అయాన్లు డెంటిన్‌లోని సన్నటి గొట్టాల్లోకి చొచ్చుకుపోతాయి, ఆ రంగు పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌లోంచి బయటికి కనబడుతుంది. ఒక్కోసారి లోపలి లోహమే పల్చటి ఎనామెల్‌లోంచి నీడలా కనిపిస్తుంది. కానీ ఎనామెల్ కింద కొత్తగా పుచ్చు పట్టినా దాదాపు ఇదే రంగు వస్తుంది. కంటితో చూసి రెండింటినీ విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టమే, అందుకే ఎక్స్‌రే అడుగుతారు. అడిగితే వద్దనకండి.

చిగురు మీద నీలిరంగు మచ్చ కూడా కొందరికి ఉంటుంది. ఫిల్లింగ్ పెట్టేటప్పుడో, తీసేటప్పుడో గీరుకున్న చిగురులోకి లోహపు నలుసులు దూరి అక్కడే ఉండిపోతాయి. పచ్చబొట్టు పడ్డట్టే, నొప్పి ఉండదు, సాధారణంగా ఏమీ చేయక్కర్లేదు. కాకపోతే నోట్లో కొత్తగా వచ్చిన మచ్చ, పెరుగుతున్న మచ్చ ఏదైనా సరే డాక్టరుకు చూపించాలి, అది ఫిల్లింగ్ వల్లేనని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు.

మాత్రల షీటును పళ్లతో చింపే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకో అనుభవం ఉండే ఉంటుంది. అల్యూమినియం రేకు వెండి ఫిల్లింగుకు తగలగానే పంట్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. నిజంగా కరెంటే. అల్యూమినియం ఒక ధ్రువం, ఫిల్లింగ్ ఇంకో ధ్రువం, మధ్యలో ఉమ్మి. పుట్టేది మైక్రో ఆంపియర్లలో ఉండే కరెంటు, అయినా పంటి నరానికి అది చాలు. రేకు తీయగానే ఆగిపోతుంది. పై పంటికి బంగారు తొడుగు, కింద పంట్లో కొత్త వెండి ఫిల్లింగ్ ఉన్నవాళ్లకు పళ్లు కలిసినప్పుడల్లా ఇలా అనిపించవచ్చు. కొన్ని రోజుల్లో ఫిల్లింగ్ మీద ఆక్సైడు పొర ఏర్పడి ఇది తగ్గుతుంది. అయితే బంగారం, అమాల్గం పక్కపక్కనే ఎప్పుడూ ఆనుకుని ఉంటే, ఎక్కువగా నష్టపోయేది అమాల్గమే. వెండి ఫిల్లింగ్ మామూలు కన్నా వేగంగా కరుగుతుంది. అందుకే ఒక పంట్లో వెండి ఫిల్లింగ్ ఉండగా పక్క పంటికి బంగారు తొడుగు వేయించుకునేటప్పుడు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడటం మంచిది.

పాదరసం మాటేమిటి

క్షయం అనగానే అందరికీ వచ్చే అసలు భయం ఇదే: ఆ సగం పాదరసం ఒంట్లోకి పోతోందా? గట్టిపడిన ఫిల్లింగులో పాదరసం సమ్మేళనాల్లో బంధించబడి ఉంటుంది. అయినా పైభాగం నుంచి రోజుకు కొన్ని మైక్రోగ్రాముల స్థాయిలో ఆవిరి వెలువడుతుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. ఎన్ని ఫిల్లింగులున్నాయి, ఎంత నములుతారు, రాత్రిపూట పళ్లు కొరుకుతారా అన్నదాన్నిబట్టి అది మారుతుంది. ఇక్కడ కూడా చిలుము రెండు వైపులా పనిచేస్తుంది. ఫిల్లింగ్ మీద పట్టే పల్చటి తగరం ఆక్సైడు పొర ఆవిరిని అడ్డుకుంటుంది. నమిలినా, బ్రష్ గట్టిగా రుద్దినా ఆ పొర చెదిరి ఆవిరి పెరుగుతుంది, వదిలేస్తే పొర మళ్లీ కడుతుంది.

అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఇచ్చిన సూచనలో రెండు భాగాలున్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, ముఖ్యంగా ఆరేళ్లలోపు వాళ్లు, నరాల జబ్బులున్నవాళ్లు, కిడ్నీల పనితీరు తగ్గినవాళ్లు, ఈ లోహాలు పడనివాళ్లు కొత్తగా ఇది పెట్టించుకోకుండా వీలైనంతవరకు వేరేది ఎంచుకోవాలన్నది ఒకటి. బాగున్న పాత ఫిల్లింగును అవసరం లేకుండా తీయించుకోవద్దన్నది రెండోది. మనవాళ్లకు మొదటి భాగం వాట్సాప్‌లో చేరుతుంది, రెండో భాగం చేరదు. డ్రిల్లుతో తీసేటప్పుడు ఒక్కసారిగా వచ్చే ఆవిరి, అది పంట్లో నిమ్మళంగా ఉన్నప్పుడు రోజూ వచ్చేదానికన్నా ఎక్కువ.

ప్రపంచం ఇప్పుడు అమాల్గాన్ని వదులుకుంటున్నది కూడా అది క్షయిస్తుందని కాదు. పాదరసం నీళ్లలో, మట్టిలో, చేపల్లో చేరడం గురించిన ఆందోళన అది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ఆమోదించింది. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప, దీని వాడకం ఆగిపోయింది. కొత్తగా పెట్టడం ఆపాలన్న నిర్ణయానికీ, మీ పంట్లో ఉన్నది ప్రమాదకరమనడానికీ సంబంధం లేదు.

మరి ఎప్పుడు తీయించుకోవాలి

చల్లటివి, తియ్యటివి తగిలితే కొత్తగా జివ్వుమంటున్నా, ఆ పంటి పక్కన తిండి ఇరుక్కుంటున్నా, ఫ్లాస్ దారం అక్కడే తెగుతున్నా, ముక్క విరిగినా, ఫిల్లింగ్ కదులుతున్నట్టున్నా వెళ్లి చూపించుకోవాలి. ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదికోసారి అంచు చూపించుకోవడం మేలు, ఎందుకంటే ఫిల్లింగ్ కింద మళ్లీ పట్టే పుచ్చు మొదట్లో నొప్పి పెట్టదు. అంచులో సన్నటి గాడి ఉన్నంత మాత్రాన కింద పుచ్చు ఉన్నట్టు కాదు. గాడి సుమారు అర మిల్లీమీటరు వెడల్పయి, పరికరం మొన అందులోకి దూరి, అడుగున మెత్తగా తగిలితే అప్పుడు అనుమానించాలి. ఆ మాత్రం లేని గాడిని కొన్నిసార్లు అంచు సరిచేసి, పాలిష్ చేసి వదిలేయొచ్చు. గరుకుగా ఉన్నచోట పాచి నిలుస్తుంది, పాచి కింద ఆక్సిజన్ అందదు, మళ్లీ అదే సందు క్షయం మొదలవుతుంది. కాబట్టి పాలిష్ అందం కోసం మాత్రమే చేసేది కాదు.

"నల్లగా ఉంది" అని డాక్టరు అంటే, "అంచు ఎలా ఉందండీ, ఎక్స్‌రేలో కింద ఏమైనా కనబడుతోందా?" అని అడగండి. ఇప్పుడు చాలా క్లినిక్కుల్లో నోట్లో పెట్టి ఫొటో తీసే చిన్న కెమెరా ఉంది. అంచు తెరమీద చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అడిగితే మంచి డాక్టరెవరూ నొచ్చుకోరు.

దాని బదులు పెట్టే పంటి రంగు కాంపోజిట్‌కు చిలుము పట్టదు. అది పంటికి జిగురుతో అతుక్కుంటుంది కాబట్టి గుంత పెద్దగా చెక్కాల్సిన పని లేదు, ముందు పళ్లకూ చిన్న పుచ్చులకూ అది చక్కటిది. అయితే గట్టిపడేటప్పుడు రెండు, మూడు శాతం ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు ఎక్కడైనా అతుకు విడిపోతే ఆ సందు అలాగే ఉండిపోతుంది, దాన్ని పూడ్చే చిలుము అక్కడ పుట్టదు. చిగురు కిందికి దిగిన పెద్ద గుంతల్లో, ఉమ్మి ఆపడం కష్టమైన దవడ చివరి పళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

తీయించుకోవాల్సి వస్తే పంటి చుట్టూ రబ్బరు షీటు, గట్టిగా లాగే సక్షన్, ధారాళంగా నీళ్లు ఉండేలా చూసుకోండి. ఫిల్లింగును పొడి చేయకుండా ముక్కలుగా కోసి తీయమనండి. పాదరసం ఉన్న ఆ ముక్కలు వాష్‌బేసిన్‌లో పడితే మురుగు కాలువ దాకా, అక్కడి నుంచి చెరువు దాకా పోతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి విడిగా పంపే క్లినిక్ అయితే ఇంకా మంచిది.